పడమటి గోడ

తాపీ సెక్షన్ షెడ్డు,
సెమిస్టరు మొదటి వారం

బాబాయ్‌కి,

నమస్కారాలు. పిన్నికి కూడా. ఫోనులో చెబుదామంటే నీ వెనకాల కాంక్రీటు మిల్లరు గోలే తప్ప నీ గొంతు వినపడదు. పైగా ఫోనులో చెప్పింది గాలికి పోతుందని నువ్వే అంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను, సైటులో పదిమందికీ చూపించుకో.

మా సెక్షన్ గోడ కడుతోంది బాబాయ్. నవ్వకు. "మీరు రోజూ కట్టేది గోడలేగా" అంటావని తెలుసు. ఇది కట్టాక ఉండిపోయే గోడ.

మా పద్ధతి నీకు తెలిసిందే. సెమిస్టరంతా మా విద్యార్థులు సున్నం, ఇసుక కలిపిన మాలుతో కడతారు, సిమెంటు ముట్టుకోరు. ఆఖరి రోజు ఎవరి గోడ వాళ్ళే విప్పి, ఇటుకలకు అంటిన సున్నం గీకి, శుభ్రంగా పేర్చి పోవాలి. తర్వాత వచ్చేవాళ్ళకు మళ్ళీ అవే ఇటుకలు. దీనికి నువ్వు పిచ్చుకగూళ్ళ బడి అని పేరు పెట్టావు. "మా అమ్మాయి గోడ కడుతుంది, పడగొడుతుంది, జీతం మాత్రం పడిపోకుండా తీసుకుంటుంది" అని చుట్టాల్లో నవ్వించినప్పుడల్లా నేనూ నవ్వాను. నవ్వాను గానీ గుచ్చుకునేది. ఇప్పుడు చెబుతున్నాను.

ప్రిన్సిపాల్ మేడం ప్రతి సెమిస్టరు మొదట్లో కాలేజీలో అందరికీ ఒక ప్రకటన పంపుతారు. క్యాంపస్ విశేషాలు, ప్రాధాన్యాలు అని. ఈసారి అందులో మొదటి వాక్యం ఇది: "చదువుకోవడానికి వచ్చే తల్లిదండ్రుల పసిపిల్లల కోసం క్యాంపస్‌లో ఒక గది ఏర్పాటు చేయడం మన ప్రథమ ప్రాధాన్యం. దీనిని మన తాపీ విద్యార్థులే నిర్మిస్తారు." ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. మా బ్యాచ్‌లో ఒకావిడ ఉంది, ఇదివరకు బట్టలు కుట్టేది, అందరూ టైలరమ్మ అంటారు. ఇన్నాళ్ళూ చంటిదాన్ని షెడ్డు మూల గోనెల మీద పడుకోబెట్టి పని నేర్చుకుంటోంది. ఆ ప్రకటన చదివి వినిపించగానే లేచి, "పునాది ఎప్పుడు తవ్వుదాం మేడం?" అంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మా షెడ్డు మీద కంప్యూటరు సెక్షన్ కన్ను పడింది. కాలేజీ పాలక కమిటీ వాళ్ళు ప్రారంభోత్సవానికి వచ్చి, గది చూసి, తాపీ సెక్షన్‌ను ఉంచాలో ఎత్తెయ్యాలో తేలుస్తారట. అంటే ఆ గోడలతో పాటు మేమూ నిలబడాలి. నాకేమీ భయం లేదు. నేను ఎవరి దగ్గర పని నేర్చుకున్నాను?

నీ
చిట్టి మేస్త్రీ


ఆసుపత్రి సైటు,
రేకుల గది

చిట్టి మేస్త్రీకి,

దీవెనలు. నీ ఉత్తరం పిన్ని నాచేత రెండుసార్లు చదివించుకుని, మూడోసారి తనే చదివి నాకు వినిపించింది, నేనెప్పుడూ విననట్టు. సైటులో కూడా చదివి వినిపించాను. మా కడ్డీల మేస్త్రీ "మీ అమ్మాయి అదృష్టవంతురాలండీ" అన్నాడు. అదృష్టమేమిట్రా, పదేళ్ళ పిల్లప్పుడే దారం కట్టి వరస చూసిన చెయ్యి అది అన్నాను.

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. నువ్విప్పుడు చూడబోతున్నావు. మీ నాన్న నిన్ను ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టాలనుకున్నాడు. నేను తాపీ చేతికిచ్చి చెడగొట్టానని ఇప్పటికీ నామీద కోపమే. గది పూర్తవగానే ముందు ఒక ఫోటో ఆయనకు పంపు.

ఉత్తరంతో పాటు నువ్వు పంపిన మీ ప్రిన్సిపాల్ గారి ప్రకటన కూడా చదివాను. ఒక్క పేజీలో ప్రాధాన్యం అనే మాట అన్నిసార్లు రాసినావిడ ఇంట్లో పళ్ళెం ముందు కూర్చున్నా ప్రాధాన్య క్రమంలోనే తింటుందేమో! మనిషి మాత్రం మంచిదేలా ఉంది. పసిపిల్లల గదిని పైన పెట్టింది కదా.

పని సంగతికొస్తాను. ఇటుకలు బాగా తడపండి. మూలల దగ్గర తొందరపడొద్దు. ఎవరో పెద్దమనిషి చూడ్డానికి వస్తున్నాడని ఒక్క వరస కూడా ఎక్కువ లేపొద్దు. ఒక్క మాట అడుగుతాను, పెడర్థం తీయకు. మాలు ఎవరు కలుపుతున్నారు? దగ్గరుండి చూస్తున్నావా? అలవాటు పడ్డ చెయ్యి మనం చెప్పింది వినదమ్మా, దానికి తెలిసిందే చేస్తుంది.

గోడలు ఎంతవరకు లేచాయో రాయి.

బాబాయ్


తాపీ సెక్షన్ షెడ్డు

బాబాయ్‌కి,

నమస్కారాలు. గోడలు లింటెల్ ఎత్తుకు చేరాయి. నాలుగు మూలలూ తూకం గుండుకు నిటారుగా సరిపోయాయి. పనులన్నీ ప్రణాళిక ప్రకారం జరుగుతున్నాయి.

వెల్డింగు సెక్షన్ వాళ్ళు కాలేజీకి కొత్త గేటు చేశారు, చాలా బాగుంది, కొంచెం కిర్రుమంటుంది. నర్సింగు విద్యార్థినులు కనబడ్డ వాళ్ళందరికీ బీపీ చూస్తున్నారు. మా వాచ్‌మన్ రోజుకు మూడుసార్లు చూపించుకుంటున్నాడు, అసలు జబ్బు దానివల్లే వచ్చేలా ఉంది. లైబ్రరీకి కొత్త కుర్చీలు వచ్చాయి. సాయంత్రం తరగతుల వేళలు మార్చారు, బస్సులకు సరిపోయేట్టు. తోటలో నీళ్ళ గొట్టం పగిలితే ప్లంబింగు వాళ్ళు గంటలో బాగుచేశారు.

ప్రారంభోత్సవం తేదీని మేడం ప్రకటించారు. కమిటీ వాళ్ళు వస్తున్నారు. పైకప్పు పని వచ్చే వారం.

పిన్ని మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఇక్కడ వాతావరణం అనుకూలంగానే ఉంది. అందరూ క్షేమం.

నీ
చిట్టి మేస్త్రీ


ఆసుపత్రి సైటు

అమ్మాయ్,

నీ ఉత్తరం నాకు అందలేదు. అందింది మీ ప్రిన్సిపాల్ ఉత్తరం, దస్తూరీ మాత్రం నీది.

గేటు కిర్రుమందని రాశావు. వాచ్‌మన్ బీపీ రాశావు. నేను అడిగిన ఒక్కదానికి తప్ప లోకంలో అన్నిటికీ జవాబు రాశావు. చిన్నప్పుడు కాల్లో మేకు దిగినప్పుడు కూడా ఇంతే, ఇంటికొచ్చి వీధిలో సంగతులన్నీ చెప్పావు గానీ ఆ కాలు మాత్రం కిందపెట్టలేదు.

పిన్ని మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఏమైందో రాయి.

బాబాయ్


తాపీ సెక్షన్ షెడ్డు

బాబాయ్,

పడమటి గోడ పోయింది.

మొదటినుంచీ చెబుతాను. పైకప్పు వేసేముందు, పిల్లల బట్టలు తగిలించే చెక్కపట్టీకి కొలతలు తీసుకుందామని మా వడ్రంగి సెక్షన్ మాష్టారు వచ్చారు. పడమటి గోడకు, ఇటుకల సందులో ఒక మేకు ఆనించి, సుత్తి కోసం ఇటు తిరిగారు. సుత్తి ఎత్తక ముందే మేకు లోపలికి పోయింది. ఆయన నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను. వేలితో గీకితే పొడి రాలింది. తెల్లగా, మెత్తగా, సున్నం. మేము తరతరాల విద్యార్థులకు కలపడం నేర్పిన సున్నం మాలే.

ఎలా జరిగిందంటావా? ముందువైపు గోడ కడుతున్నప్పుడు ఎవరో ఒకరు చూడ్డానికి వస్తూనే ఉన్నారు. నేను అక్కడే నిలబడి అందరికీ చూపించుకుంటూ మురిసిపోయాను. వెనకపక్క పడమటి గోడ జట్టు పొద్దున్నే వచ్చి, చేతులకు అలవాటైన పని చేసుకుపోయింది. సున్నం తొట్టి ఎప్పుడూ ఉండేచోటే ఉంది. ఈ గదికని తెచ్చిన సిమెంటు బస్తాలు స్టోరు గదిలో ఉన్నాయి. నేను వెళ్ళినప్పుడల్లా గుండు వేలాడదీశాను, మట్టం పెట్టాను, దారం చూశాను. గోడ అద్దంలా ఉంది. మాలు మాత్రం చేత్తో ముట్టి చూడలేదు. ఇంకెక్కడా, ఏ మేస్త్రీకీ జరగని తప్పు బాబాయ్ ఇది. కూల్చడానికి కట్టడం అలవాటైన మాకే జరగాలి.

"పైన గట్టిగా పూత పూసేయండమ్మా, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు మాష్టారు. చెడ్డవారు కాదు, నామీద జాలితోనే అన్నారు. ఆ మర్నాడే నీకు ఆ గేటు ఉత్తరం రాశాను. పూత పూయిద్దామనే అనుకున్నాను. కమిటీ చూసి వెళ్ళిపోయాక, సెలవుల్లో నిదానంగా సరిచేద్దామని నాకు నేనే చెప్పుకున్నాను. అప్పటికి ఆ గదిలో పిల్లలుంటారన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆలోచన ఆపేసేదాన్ని.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది.

ముందు ప్రిన్సిపాల్ మేడం దగ్గరికి వెళ్ళాను. అంతా విన్నారు.

"పూత పూస్తే నిలబడుతుందా?" అని అడిగారు.

"కొన్నాళ్ళు నిలబడచ్చు మేడం."

"కొన్నాళ్ళంటే?"

"చెప్పలేను. లోపల పసిపిల్లలుంటారు."

ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "తేదీ నేనే ప్రకటించాను. కమిటీని నేనే పిలిచాను. మీ సెక్షన్ గురించి వాళ్ళు ఏమనుకుంటారో మీకు తెలుసుగా?" అన్నారు. తెలుసన్నాను. "అయితే వాయిదా పడిందని కూడా నేనే ప్రకటించాలి. వెళ్ళి పని చూడండి" అన్నారు. ఒక్క కఠినమైన మాట అనలేదు బాబాయ్. అనుంటేనే బాగుండేది.

షెడ్డుకొచ్చి మావాళ్ళకు చెప్పాను. అప్పుడు టైలరమ్మ లేచింది. "కలిపింది నేనే మేడం. చంటిది ఏడుస్తోందని తొందరలో, ఏ తొట్టి దగ్గరికి వెళుతున్నానో చూసుకోలేదు" అంది. చూసుకోవలసింది నేను అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. "నా పిల్ల ఆ గోడ పక్కనే పడుకుంటుంది. ఎవరు కలిపారన్నది తర్వాత తేల్చుకుందాం, ముందు విప్పుదాం పదండి" అంటూ అప్పుడే ఉలి తీసింది.

ఆఖరి రోజు గోడలు విప్పేటప్పుడు షెడ్డంతా పాటలే, ఎకసెక్కాలే. ఈసారి ఎవరూ గొంతెత్తలేదు. పై వరస నుంచి మొదలుపెట్టారు. ఇటుక కదిపి తియ్యడం, చేతికందించడం, గీకడం, పేర్చడం. రెండు మూలల దగ్గర పక్క గోడల సిమెంటులోకి అల్లుకున్న ఇటుకలను ఉలితో ఒక్కొక్కటే విడదీశారు. పక్క గోడలకు బీట కూడా పడలేదు. కంప్యూటరు సెక్షన్ మాష్టారు మా షెడ్డు కొలుచుకోవడానికి టేపు పట్టుకుని వచ్చారు. నిలబడి చూశారు, చూశారు, టేపు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. గోడంతా దిగింది, ఒక్క ఇటుక పగల్లేదు.

బాబాయ్, సిగ్గుతో చస్తున్నాను. కానీ నీ దగ్గర దాచను. వాళ్ళు అలా విప్పుతుంటే చూసి నా ఛాతీ ఉప్పొంగింది. ఈ రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో నాకు తెలియదు.

నీ పేరు చెప్పుకుని బతుకుతున్నదాన్ని. తిట్టాలనుకుంటే తిట్టు.

నీ మేస్త్రీ


ఆసుపత్రి సైటు,
మూడో అంతస్తు, అన్నం వేళ

నా బంగారు తల్లీ,

తిడతాననే అనుకుని ఉత్తరం విప్పాను. మాలు చూసుకోకపోవడం తప్పే. అందులో మాటే లేదు. ఇంకెప్పుడూ చెయ్యవు కాబట్టి దాని గురించి మళ్ళీ ఎత్తను.

మిగతా ఉత్తరం ఇక్కడ మెట్ల మీద నిలబడి అందరికీ చదివాను. ఒక్కడు కూడా అన్నం గిన్నె మూత తియ్యలేదు. ఆ టైలరమ్మ మాట దగ్గర కడ్డీల మేస్త్రీ కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు. కాసేపాగి నాకూ పడింది.

నా మాట విను. ఇన్నేళ్ళలో నేను ఎన్ని గోడలు కట్టానో లెక్కలేదు. కట్టిన చేతిని అందరూ మెచ్చుకుంటారు. నిటారుగా నిలబడి, ఎవరికీ అనుమానం రాని గోడను, నలుగురూ చూస్తుండగా, పని పోతుందని తెలిసి కూడా విప్పిన మేస్త్రీని నేను ఇంతవరకు చూడలేదు. ఇప్పుడు చూశాను. ఆమె మా ఇంటి పిల్ల.

ఎదురుగా ఉంటే ఈ మాట అనేవాణ్ణి కాదు. పిల్లల్ని మొహం మీద పొగిడితే దిష్టి అని పిన్ని ఊరుకోదు. దూరంగా ఉన్నాం కాబట్టి రాస్తున్నాను. నువ్వంటే నాకు గర్వంగా ఉంది. ఎంత గర్వమంటే, సిమెంటు లారీ డ్రైవరు దారి అడగడానికి ఆగితే, దారి తర్వాత చెబుతాను ముందిది విను అన్నాను. పాపం, ఇంజను కట్టేసి మొత్తం విన్నాడు.

మీ బడిని పిచ్చుకగూళ్ళ బడి అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పిల్లకి లేని బెంగ నీకెందుకు అని పిన్ని అంటోంది గానీ, ఆ గోడ ఎంతవరకు వచ్చిందో వెంటనే రాయి. నాకు పని మీద ధ్యాస నిలవడం లేదు.

బాబాయ్


కాలేజీ, పిల్లల గది అరుగు మీద నుంచి,
కొత్త సెమిస్టరు మొదటి వారం

బాబాయ్‌కి,

ఎక్కడ కూర్చుని రాస్తున్నానో చూశావా? పిల్లల గది అరుగు మీద. లోపల టైలరమ్మ కూతురు పడమటి గోడకు వీపు ఆనించి, ఎవరిదో చెప్పు నోట్లో పెట్టుకుని దర్జాగా కూర్చుంది. ఈసారి మాలు ప్రతి గమేళా నేను చేత్తో తీసి చూశాకే గోడ దగ్గరికి వెళ్ళింది. వడ్రంగి మాష్టారు మళ్ళీ మేకు పట్టుకొచ్చారు. సుత్తితో కొట్టారు, కొట్టారు, మేకు వంగిపోయింది. షెడ్డంతా చప్పట్లు.

ప్రారంభోత్సవం ఆలస్యంగానే జరిగింది. కొత్త సెమిస్టరు ప్రకటనలో మేడం ఏం రాశారో అక్షరం పొల్లుపోకుండా దింపుతున్నాను: "పిల్లల గది వాయిదా పడటానికి కారణం ఒక గోడలో లోపం. దానిని కనిపెట్టింది, బయటపెట్టింది, విప్పి తిరిగి కట్టింది మన తాపీ సెక్షన్. ఆ గది ఇప్పుడు తెరిచి ఉంది." లోపం మాట తీసేయమని కమిటీలో ఒకాయన చెప్పారట. మేడం తియ్యలేదు.

కానీ బాబాయ్, ఆ వాక్యంలో ఊరికి లోపం ఒక్కటే వినపడింది. గోడ కట్టడం రానివాళ్ళు గోడ కట్టడం నేర్పుతారట అని బస్సులో నా వెనక సీటులోనే నవ్వుకున్నారు. కమిటీ ఒక షరతు పెట్టింది. సాయంత్రం బ్యాచ్ నిండితే సెక్షన్ ఉంటుంది. నిండకపోతే షెడ్డు కంప్యూటర్లకు పోతుంది. ఇంకా అయిదు సీట్లు ఖాళీగా ఉన్నాయి. వారం రోజులుగా ఎవరూ తొంగి చూడలేదు. గడువు ఈ నెలాఖరు.

పోతే పోతుంది. గది మాత్రం ఉంటుంది. ఇలా రాస్తున్నానంటే ధైర్యంగా ఉన్నానని కాదు, నీకు తెలుసుగా.

నీ
చిట్టి మేస్త్రీ


ఆసుపత్రి సైటు

తాపీ సెక్షన్ ఉపాధ్యాయురాలు మేడం గారికి,

నమస్కరించి వ్రాయునది.

నేను వృత్తిరీత్యా తాపీ మేస్త్రీని. వయసు మీకు తెలుసు, ఇక్కడ రాసుకుని నవ్వులపాలు కాలేను. ఈ ఆసుపత్రి పని వచ్చే వారంతో పూర్తవుతుంది. తర్వాతి పని మీ ఊళ్ళోనే దొరికింది, పగటి పని. సాయంత్రాలు ఖాళీ. కనుక మీ సాయంత్రం బ్యాచ్‌లో నాకు ఒక సీటు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

నాతోపాటు మా జట్టులో నలుగురు చేరతామంటున్నారు. నేను పిలవలేదు. మీ ఉత్తరం మెట్ల మీద విన్నవాళ్ళే, వాళ్ళంతట వాళ్ళే వచ్చి అడిగారు. కడ్డీల మేస్త్రీ కూడా ఉన్నాడు. తాపీ పట్టుకోవడం వాడికి బొత్తిగా రాదు, ఓపికతో నేర్పవలెను.

ఇన్నేళ్ళ మేస్త్రీకి బడెందుకు అని మీరు అడగవచ్చు. కట్టడం నాకు వచ్చు. ఒక్క ఇటుక పగలకుండా, పక్క గోడకు బీట పడకుండా, గోడ మొత్తం విప్పడం నాకు రాదు. మా తాపీ మేస్త్రీల్లో ఎవరికీ రాదు. అనుమానం వస్తే పూత పూసుకుపోవడమే మా లోకంలో అందరికీ తెలిసిన విద్య. మీ బడిలో విప్పడం నేర్పుతారని విని వస్తున్నాము.

తరగతిలో నేను మిమ్మల్ని మేడం అనే పిలుస్తాను. మీరు నన్ను బాబాయ్ అంటే మిగతావాళ్ళు చుట్టరికం అనుకుంటారు, కనుక అనవద్దు. ఆలస్యంగా వస్తే బయట నిలబెట్టండి. నేను బెంచీ మీద ఎలా కూర్చుంటానో చూడ్డానికి మా ఇంటావిడ మొదటి రోజు కిటికీ దగ్గరకు వస్తానంటోంది. దానికి నేను బాధ్యుణ్ణి కాను.

ఇట్లు,
తమ విద్యార్థి


తాపీ సెక్షన్ కార్యాలయం

విద్యార్థికి,

మీకు, మీ వెంట వచ్చే నలుగురికి సీట్లు ఇచ్చాము. బ్యాచ్ నిండింది. ఈ సంగతి ప్రిన్సిపాల్ మేడంకు చెబితే ఆవిడ కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచారు. కమిటీకి రాయవలసింది ఆవిడే రాశారు. షెడ్డు మనదే.

తరగతి సాయంత్రం ఆరింటికి మొదలు. ఎవరి తాపీ వారే తెచ్చుకోవాలి. మొదటి వారం గోడ కట్టించము, పాత ఇటుకలు గీకిస్తాము. ఎంత పెద్ద మేస్త్రీకైనా మినహాయింపు లేదు. మీ జట్టుకు పని చూపించేది మా పాత విద్యార్థిని టైలరమ్మ గారు. ఆవిడ చాలా కచ్చితం, జాగ్రత్త.

ఇట్లు,
ఉపాధ్యాయురాలు

బాబాయ్, పై ఉత్తరం నీ తరగతి మేడం రాసింది, ఇది నేను రాస్తున్నాను. నీ దరఖాస్తు చదివి ఇసుక గుట్ట వెనక్కి పోయి ఏడ్చాను. అది తీసుకెళ్ళి నాన్నకు చూపించాను. ఆయన చాలాసేపు చదివారు. చదివి, "వాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టు, వాడికి దూరం చూపు ఆనదు" అన్నారు. ఇన్నేళ్ళలో ఆయన నా పని గురించి మాట్లాడిన మొదటి మాట ఇదే. ముందు బెంచీలో నీకు చోటు ఉంచాను. తొందరగా రా.